పెద్ద రక్తనాళానికి ఆపరేషన్.. కాళ్లకు ఎందుకు గండం? వెన్నులోని నీరు చెప్పే రహస్యం ఇదే!

ఆపరేషన్ సక్సెస్. గుండె బాగానే కొట్టుకుంటోంది. కిడ్నీలు పనిచేస్తున్నాయి. నిన్న సాయంత్రం పేషెంట్ రెండు కాళ్లూ కదిలించి చూపించాడు కూడా. కానీ మరుసటి రోజు తెల్లవారుజామున ఐసీయూ బెడ్ మీద నుంచి ఓ మాట.. 'కాలు బరువైతున్నది బిడ్డా.. లేస్తలేదు'.

బయట కూర్చున్న ఇంట్లోవాళ్లకు ఇది చిన్న విషయంలాగే అనిపిస్తుంది. మత్తు ఇంకా దిగలేదేమో, నీరసమేమో అనుకుంటారు. కానీ ఛాతీ నుంచి పొట్ట దాకా అయోర్టాకు పెద్ద ఆపరేషన్ జరిగిన వాళ్ల విషయంలో ఈ మాటకు అర్థం వేరు. వెన్నుపాముకు రక్తం చాలట్లేదన్న హెచ్చరిక అది. వెంటనే స్పందిస్తే కాళ్లు తిరిగి కదిలే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే జీవితాంతం వీల్‌చైరే దిక్కు కావొచ్చు.

ఈ ప్రమాదాన్ని కాలు పడిపోకముందే పసిగట్టలేమా? ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు, పరిశోధకులు వెతుకుతున్న సమాధానం ఒక గ్లాసుకు మించని నీటిలో ఉంది. వెన్నుపాము చుట్టూ ఉండే ఆ నీటిలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు కనిపిస్తాయి. వాటి కథేంటి? అవి ఎంతవరకు పనికొస్తాయి? పూర్తి వివరాలు ఇవీ..

చిరాగ్‌పల్లి వాళ్లకు ఈ సంగతి ఎందుకు?

జహీరాబాద్ దాటి కర్ణాటక వైపు వెళ్తే 65వ నంబర్ జాతీయ రహదారి మీద వచ్చే సరిహద్దు ఊరు చిరాగ్‌పల్లి. హైదరాబాద్ ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైనే. రాత్రీ పగలూ లారీలు తిరిగే రూట్ ఇది. గంటల తరబడి డ్రైవింగ్, నిద్ర లేకపోవడం, బీడీలు, సిగరెట్లు, చెక్ చేయించుకోని బీపీ.. డ్రైవర్ల జీవితంలో ఇవన్నీ మామూలే. అయోర్టాను దెబ్బతీసే వాటిలో బీపీ, పొగతాగడమే ముందుంటాయి. ఇక అతివేగంతో జరిగే యాక్సిడెంట్లలో ఛాతీకి బలంగా దెబ్బ తగిలితే మంచి ఆరోగ్యంతో ఉన్నవాళ్లకు కూడా అయోర్టా చీలిపోవచ్చు.

అయోర్టా ఆపరేషన్ అంటే గుండె సర్జన్, రక్తనాళాల సర్జన్, మత్తు డాక్టర్, బైపాస్ మెషీన్ టీమ్, 24 గంటల ఐసీయూ.. అన్నీ ఒకేచోట ఉండాలి. అంటే ఈ ప్రాంతం వాళ్లు హైదరాబాద్ లాంటి పెద్ద సిటీకి వెళ్లాల్సిందే. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఊరికే తిరిగొస్తారు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు కాలు బరువెక్కితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. అందుకే ఈ వివరాలు.

అసలు అయోర్టా అంటే ఏంటి?

గుండె నుంచి బయలుదేరే అతి పెద్ద రక్తనాళమే అయోర్టా. తెలుగులో బృహద్ధమని అంటారు. గుండె నిమిషానికి పంపే దాదాపు 5 లీటర్ల రక్తం ముందుగా వెళ్లేది ఇందులోకే. గుండె పైనుంచి వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని ఛాతీ మీదుగా పొట్టలోకి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లలోకి వెళ్తుంది.

2024 సెప్టెంబర్ చివర్లో సూపర్‌స్టార్ రజినీకాంత్ చెన్నై ఆసుపత్రిలో చేరినప్పుడు ఈ పేరు తెలుగు ఇళ్లలోనూ వినిపించింది. గుండె నుంచి బయటికొచ్చే ప్రధాన రక్తనాళంలో ఉబ్బు ఉందని, ఛాతీ కోయకుండానే స్టెంట్ పెట్టి దాన్ని మూసేశామని ఆసుపత్రి బులెటిన్ విడుదల చేసింది. కొద్దిరోజులకే ఆయన ఇంటికి వెళ్లారు.

ఈ రక్తనాళానికి ప్రధానంగా రెండు రకాల జబ్బులు వస్తాయి.

అన్యూరిజం: గోడ బలహీనపడి బెలూన్‌లా ఉబ్బడం. పొట్టలో మామూలుగా 2 సెంటీమీటర్లు ఉండే అయోర్టా 3 సెంటీమీటర్లు దాటితే అన్యూరిజం అంటారు. పగలనంత వరకు చాలామందికి ఏ నొప్పీ ఉండదు. సైజు 5.5 సెంటీమీటర్ల దగ్గరకు వస్తే సాధారణంగా రిపేర్ గురించి ఆలోచిస్తారు.

డిసెక్షన్: గోడలోని లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు చొచ్చుకుపోవడం. ఛాతీలోనో, వీపులోనో చీల్చేసినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తుంది. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

రక్తనాళానికి ఆపరేషన్ చేస్తే కాళ్లెందుకు పడిపోతాయి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వెన్నుపాముకు సొంతంగా పెద్ద రక్తనాళం లేదు. అయోర్టా వెనకవైపు నుంచి జతలు జతలుగా బయటికొచ్చే చిన్న చిన్న కొమ్మలే దానికి రక్తం అందిస్తాయి.

కాలువ లెక్కన చూస్తే సులువుగా అర్థమవుతుంది. అయోర్టా మెయిన్ కెనాల్. దాని తూముల నుంచి వెళ్లే పిల్ల కాలువలు ఈ కొమ్మలు. వెన్నుపాము కింది భాగం చివరి ఆయకట్టు. పైన గేటు దించితే ముందు ఎండేది చివరి ఆయకట్టు పొలమే.

ఈ పిల్ల కాలువల్లో ఒకటి మిగతా వాటికంటే పెద్దది. పోలండ్‌లో పుట్టిన ఆల్బర్ట్ ఆడంకివిచ్ అనే శాస్త్రవేత్త 1882లో దీన్ని వివరించారు. అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. నడుముకు కాస్త పైన, చాలామందిలో ఎడమవైపు నుంచి ఇది బయలుదేరుతుంది. కాళ్లను కదిలించే నరాలుండే వెన్నుపాము ముందు భాగానికి ప్రధాన ఆధారం ఇదే. అయితే ఒక్కొక్కరిలో ఒక్కో ఎత్తులో ఉంటుంది.

ఛాతీ నుంచి పొట్ట దాకా ఉబ్బిన అయోర్టాను రిపేర్ చేయాలంటే సర్జన్ కొంతసేపు క్లాంప్ వేసి రక్తాన్ని ఆపాలి. పాడైన భాగం తీసేసి పాలిస్టర్ గొట్టం కుట్టాలి. ఆ భాగంలోని పిల్ల కాలువల్లో కొన్నింటిని కొత్త గొట్టానికి కలుపుతారు. కొన్నింటిని మూసేయక తప్పదు. ఛాతీ కోయకుండా స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టినా, అది పొడవైనదైతే లోపలి నుంచి ఈ తూములన్నీ మూసుకుపోతాయి. అంటే చిన్న కోతతో చేసే చికిత్సలోనూ ఈ రిస్క్ పూర్తిగా పోదు.

ఎంతమందికి ఇలా జరుగుతుంది? ఈ రంగంలో పేరున్న అమెరికా సర్జన్ స్టాన్లీ క్రాఫోర్డ్ దాదాపు మూడు దశాబ్దాల్లో చేసిన ఆపరేషన్ల లెక్క 1993లో బయటికొచ్చింది. మొత్తం 1,509 మంది పేషెంట్లు. వాళ్లలో 16 శాతం మందికి కాళ్లు బలహీనపడటమో, పూర్తిగా చచ్చుబడటమో జరిగింది. అంటే ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు. ఆ తర్వాత పద్ధతులు చాలా మెరుగయ్యాయి. అదే హ్యూస్టన్ నగరంలో జోసెఫ్ కొసెల్లి బృందం 3,309 ఆపరేషన్ల ఫలితాలను 2016లో ప్రకటించింది. అందులో శాశ్వతంగా రెండు కాళ్లూ పడిపోయినవాళ్లు దాదాపు 3 శాతం. చాలా తగ్గింది. కానీ సున్నా కాలేదు.

దెబ్బ ఒకటి కాదు.. రెండు!

మరి ఆపరేషన్ అయ్యాక కాళ్లు బాగానే కదిలించిన మనిషికి మర్నాడో, ఆ తర్వాతో ఎందుకు పడిపోతాయి? ఇక్కడే ఇన్‌ఫ్లమేషన్ పాత్ర మొదలవుతుంది.

మొదటి దెబ్బ: క్లాంప్ వేసినప్పుడు రక్తం అందక వెన్నుపాములోని నరాల కణాలకు ఆక్సిజన్ కరువవుతుంది. కొన్ని చనిపోతాయి. కొన్ని చావుబతుకుల మధ్య ఉంటాయి.

రెండో దెబ్బ: క్లాంప్ తీశాక రక్తం తిరిగొస్తుంది. అంతా బాగైనట్టే అనిపిస్తుంది. కానీ ఆకలితో అలమటించిన కణాలకు ఒక్కసారిగా ఆక్సిజన్ అందడంతో హాని చేసే రసాయనాలు పుడతాయి. వెన్నుపాములో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు మేల్కొంటాయి. అవి అలారం మోగించినట్టు సైటోకైన్లు అనే ప్రొటీన్లను వదులుతాయి. వాటి పిలుపుతో తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. చిన్న రక్తనాళాల గోడలు లీకవుతాయి. వెన్నుపాము వాచిపోతుంది.

కాలు బెణికితే వాపు బయటికి కనిపిస్తుంది. వెన్నుపాము మాత్రం ఎముకల గొట్టంలో బిగుసుకుని ఉంటుంది. వాచడానికి చోటు లేదు. దాంతో లోపల ప్రెజర్ పెరుగుతుంది. ప్రెజర్ పెరిగితే రక్తం రావడం తగ్గుతుంది. రక్తం తగ్గితే ఇంకా కణాలు దెబ్బతింటాయి, వాపు ఇంకా పెరుగుతుంది. ఇదో విష వలయం. ఇది మెల్లగా సాగుతుంది కాబట్టే కొందరిలో గంటల తర్వాత, కొందరిలో రోజుల తర్వాత కాళ్లు పడిపోతాయి. అలాంటి టైమ్‌లో బీపీ కాస్త పడిపోయినా చాలు, అంచు మీద ఉన్న కణాలు చనిపోతాయి.

వెన్నులోని నీరు ఏం చెబుతుంది?

మెదడు, వెన్నుపాము చుట్టూ స్వచ్ఛమైన నీరులాంటి ద్రవం ఉంటుంది. డాక్టర్లు సీఎస్‌ఎఫ్ అంటారు. 'వెన్నులోంచి నీరు తీశారు' అని జనం చెప్పుకునేది దీని గురించే. పెద్దవాళ్లలో ఇది మొత్తం దాదాపు 150 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా తయారవుతుంది. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాతది పోయి కొత్తది వస్తుంది.

వెన్నుపాము ఈ నీటిలోనే మునిగి ఉంటుంది. కాబట్టి కణాలు దెబ్బతిన్నా, వాపు మొదలైనా ఆ ఆనవాళ్లు ముందుగా చేరేది ఇందులోకే. రక్త పరీక్షలో ఇంత స్పష్టంగా తెలియదు. పరిశోధకులు ఈ నీటిలో ప్రధానంగా మూడు రకాల గుర్తులను వెతుకుతున్నారు.

1. ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు: ఐఎల్-6, ఐఎల్-8, ఐఎల్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా. వీటిలో ఐఎల్-6 పేరు కరోనా సెకండ్ వేవ్‌లో ప్రతి ఇంటికీ తెలిసింది. 'సైటోకైన్ స్టార్మ్' వచ్చిందా లేదా అని ఆసుపత్రుల్లో రక్తంలో ఐఎల్-6 టెస్ట్ చేయించేవారు. అదే ప్రొటీన్‌ను ఇక్కడ వెన్ను ద్రవంలో కొలుస్తారు. ఐఎల్-8 పని తెల్ల రక్తకణాలను దెబ్బతిన్న చోటికి పిలవడం.

2. కణాలు దెబ్బతిన్న గుర్తులు: ఎస్100బీ, జీఎఫ్ఏపీ లాంటి ప్రొటీన్లు. ఇవి నరాలకు అండగా ఉండే గ్లియా కణాల లోపల ఉంటాయి. బయటికి ఎక్కువగా వచ్చాయంటే కణాలు దెబ్బతిన్నట్టే.

3. ఆక్సిజన్ కొరత గుర్తు: లాక్టేట్. పరుగెత్తినప్పుడు కండరాల్లో పేరుకునేది ఇదే. ఆక్సిజన్ చాలనప్పుడు వెన్నుపాములోనూ పెరుగుతుంది.

జపాన్‌లోని హొక్కైడో యూనివర్సిటీ సర్జన్లు ఛాతీ-పొట్ట అయోర్టా ఆపరేషన్లలో వెన్ను ద్రవంలోని సైటోకైన్ల మీద చేసిన పరిశోధన 2001లోనే ప్రచురితమైంది. ఆ తర్వాత చాలా దేశాల్లో ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి.

మరి ఈ టెస్ట్‌ను అందరికీ ఎందుకు చేయట్లేదు?

వినడానికి సులువుగానే ఉంది. నీరు తీయాలి, ఐఎల్-6 చూడాలి, పెరిగితే జాగ్రత్త పడాలి. కానీ అసలు విషయం అంత తేలిక కాదు.

మొదటిది.. ఏ పెద్ద ఆపరేషన్ జరిగినా ఐఎల్-6 పెరుగుతుంది. స్వీడన్ పరిశోధకులు గుండె కవాటం మార్చిన 10 మంది పేషెంట్ల వెన్ను ద్రవాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలోనూ ఐఎల్-6, ఐఎల్-8 బాగా పెరిగాయి. అక్కడ వెన్నుపాముకు రక్తం తెచ్చే కొమ్మల జోలికే వెళ్లలేదు. అంటే గుర్తు పెరిగినంత మాత్రాన కాళ్లు పడిపోతాయని చెప్పలేం.

రెండోది.. ఎంత పెరిగితే ప్రమాదం అన్న గీత ఇంకా తేలలేదు. ఈ అధ్యయనాల్లో చాలావరకు కొద్దిమంది పేషెంట్లతో జరిగినవే. కాళ్లు పడిపోయిన వాళ్లు వాటిలో ఒకరిద్దరే ఉంటే లెక్క గట్టిగా నిలబడదు.

మూడోది.. టైమ్. వెన్నుపాము విషయంలో నిమిషాలు, గంటలే కీలకం. ల్యాబ్ రిపోర్ట్ మర్నాటికి వస్తే లాభం లేదు.

నాలుగోది.. నీరు తీసేటప్పుడు చిన్న రక్తపు చుక్క కలిసినా లెక్క తారుమారవుతుంది. అందుకే గుర్తు వెన్నుపాములోనే పుట్టిందా, రక్తంలోంచి వచ్చి చేరిందా అని తేల్చడానికి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అందుకే ప్రస్తుతానికి ఈ పరీక్షలు పరిశోధనల్లోనే ఎక్కువ. అయితే వాటి విలువ తక్కువేం కాదు. కాళ్లు ఆలస్యంగా పడిపోవడం వెనక ఏం జరుగుతోందో అర్థం కావడానికి ఇవే దారి చూపిస్తున్నాయి. వాపును ఆపే మందు రేపు వస్తే, అది పనిచేస్తోందో లేదో చెప్పడానికీ ఇవే ఆధారం అవుతాయి.

ఇప్పుడు కాళ్లను కాపాడుతున్నది అదే నీరు.. కానీ వేరే రకంగా!

గుర్తుల సంగతి ఎలా ఉన్నా, వెన్ను ద్రవం ఇప్పటికే పేషెంట్ల కాళ్లను కాపాడుతోంది. దాని ప్రెజర్ తగ్గించడం ద్వారా.

మళ్లీ పొలం లెక్కే చూడండి. మడి నిండా నీళ్లు నిలిచి ఉంటే తూము నుంచి కొత్త నీరు లోపలికి రాదు. గట్టు తెంపి కాస్త నీళ్లు బయటికి వదిలితే తూము నుంచి నీరు పారుతుంది. వెన్నుపాము దగ్గరా అంతే. చుట్టూ ఉన్న ద్రవం ప్రెజర్ తగ్గితే రక్తం లోపలికి వస్తుంది.

డాక్టర్లు వేసే లెక్క ఇది. సగటు బీపీ 90, ద్రవం ప్రెజర్ 10 అనుకుంటే వెన్నుపాముకు రక్తాన్ని నెట్టే బలం 80. అదే బీపీ 65కి పడిపోయి, వాపు వల్ల ద్రవం ప్రెజర్ 20కి చేరితే మిగిలేది 45 మాత్రమే. దాదాపు సగానికి పడిపోయినట్టు. అందుకే ఒక చేత్తో బీపీ పెంచుతారు, మరో చేత్తో ద్రవాన్ని తగ్గిస్తారు.

దీనికోసం ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ నడుము దగ్గర సన్నటి గొట్టం పెడతారు. దాన్నే డ్రెయిన్ అంటారు. ప్రెజర్ 10 దాటకుండా చూస్తూ, గంటకు కొద్ది మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే నీరు బయటికి వదులుతారు. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులు ఉంచుతారు. పరిశోధనల కోసం ఐఎల్-6 లాంటి పరీక్షలకు నీరు తీసేదీ ఈ గొట్టం నుంచే.

ఇది నిజంగా పనిచేస్తుందా? 2002లో కొసెల్లి బృందం 145 మంది మీద చేసిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం. డ్రెయిన్ పెట్టని వాళ్లలో 13 శాతం మందికి కాళ్లలో సమస్య వచ్చింది. పెట్టిన వాళ్లలో 2.6 శాతం మందికే వచ్చింది.

దీంతో పాటు మరికొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. ఒంటి ఉష్ణోగ్రత కాస్త తగ్గించి కణాలకు ఆక్సిజన్ అవసరం తగ్గిస్తారు. క్లాంప్ వేసిన చోటుకు దిగువన మెషీన్‌తో రక్తం నడిపిస్తారు. కాళ్ల నరాల సిగ్నల్స్‌ను మానిటర్‌లో చూస్తూ ఆపరేషన్ చేస్తారు.

వెన్నులో సూది అంటే భయమా?

'వెన్నుకు సూది వేస్తే నడుము పోతుంది' అన్న మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ భయంతో కొందరు డ్రెయిన్ వద్దంటారు. నిజానికి పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగం దగ్గరే ఆగిపోతుంది. గొట్టం పెట్టేది దానికి కింద, విడివిడి నరాలు మాత్రమే ఉండే చోట. సిజేరియన్‌కు మత్తు సూది ఇచ్చేదీ దాదాపు ఆ ప్రాంతంలోనే.

అలాగని డ్రెయిన్‌తో రిస్క్ అసలే లేదని కాదు. తలనొప్పి రావొచ్చు. అరుదుగా ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం జరగొచ్చు. నీరు మరీ వేగంగా బయటికి పోతే మెదడు చుట్టూ రక్తం చేరే ప్రమాదం ఉంది. అందుకే డ్రెయిన్ ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పేషెంట్ అడిగాడు కదా అని నర్సుకు చెప్పకుండా లేపి కూర్చోబెట్టకూడదు, మంచం ఎత్తు మార్చకూడదు.

ఒక డ్రైవర్ ఉదాహరణ..

చిరాగ్‌పల్లికి చెందిన 58 ఏళ్ల లారీ డ్రైవర్‌కు హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్ జరిగిందనుకుందాం. మొదటి రోజు మెలకువ రాగానే నర్సు అడిగే మొదటి మాట.. 'కాళ్లు కదిలించండి, బొటనవేలు పైకి ఎత్తండి'. గంటగంటకూ ఇదే ప్రశ్న. విసుగొచ్చినా జవాబివ్వాల్సిందే. ఎందుకంటే ఏ ల్యాబ్ రిపోర్ట్ కన్నా ముందు తెలిసేది దీంతోనే.

రెండో రోజు రాత్రి బీపీ తగ్గింది. ఎడమ కాలు బరువెక్కింది. ఆయన పొద్దున చెబుదాంలే అని ఊరుకుంటే విలువైన గంటలు పోతాయి. వెంటనే చెబితే డాక్టర్లు బీపీ పెంచుతారు. డ్రెయిన్ నుంచి ద్రవాన్ని జాగ్రత్తగా తగ్గిస్తారు. రక్తం తక్కువుంటే ఎక్కిస్తారు. ఆక్సిజన్ సరిచూస్తారు. అవసరమైతే స్కాన్ చేస్తారు. ఇలా వెంటనే స్పందించినప్పుడు చాలామందిలో కాళ్ల బలం పూర్తిగానో, కొంతవరకో తిరిగొస్తుంది.

ఇంటికి వచ్చాక కూడా కథ పూర్తిగా ముగిసినట్టు కాదు. అరుదుగా రోజులు, వారాల తర్వాతా కాళ్లు పడిపోవచ్చు. బీపీ ఎక్కువైతే రక్తనాళానికి ముప్పు. మరీ తక్కువైతే వెన్నుపాముకు ముప్పు. కాబట్టి బీపీ మాత్రలు సొంతంగా ఆపడం, పక్కింటివాళ్ల మాట విని డోసు పెంచడం రెండూ తప్పే. విరేచనాలు, వాంతులు, వడదెబ్బతో ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోతే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

ఆపరేషన్ అయినవాళ్లలో:
- ఒక కాలు గానీ రెండు కాళ్లు గానీ బరువెక్కడం, వణకడం, మొద్దుబారడం
- లేచి నిలబడితే మోకాళ్లు మడతపడటం
- మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండానే పోవడం
- తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం, గొట్టం పెట్టిన చోట నీరు కారడం

ఆపరేషన్ కానివాళ్లలో:
- ఛాతీలో, వీపులో చీల్చినట్టు ఒక్కసారిగా నొప్పి
- పొట్టలోనో, నడుములోనో తీవ్రమైన నొప్పితో పాటు కళ్లు తిరిగి పడిపోవడం
- ఉన్నట్టుండి కాలో చెయ్యో చల్లబడి బలం తగ్గడం

వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. ఆపరేషన్ అయినవాళ్లయితే దారిలో ఉండగానే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్‌లో విషయం చెప్పాలి. డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ స్కాన్ సీడీ ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టుకోవాలి. ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

- అయోర్టాలో ఎంత పొడవు రిపేర్ చేస్తారు? పొడవు పెరిగే కొద్దీ వెన్నుపాముకు రిస్క్ పెరుగుతుంది.
- ఓపెన్ ఆపరేషనా, స్టెంట్ గ్రాఫ్టా? రెండింటిలో కాళ్లకు ఉన్న రిస్క్ ఎంత?
- వెన్ను డ్రెయిన్ పెడతారా? పెట్టకపోతే ఎందుకు?
- ఇంటికి వెళ్లాక బీపీ ఎంత ఉండాలి? ఎంతకన్నా తగ్గకూడదు?
- రాత్రిపూట సమస్య వస్తే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి?

ఖర్చు విషయానికొస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. చేయబోయే ఆపరేషన్ పథకం కిందకు వస్తుందా, ఆ ఆసుపత్రికి అనుమతి ఉందా అన్నది ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

రాకుండా చూసుకోవడం ఎలా?

బీపీ చెక్ చేయించుకోవడం, మాత్రలు మానకపోవడం, బీడీ సిగరెట్ వదిలేయడం.. ఈ మూడే అన్నిటికన్నా ముఖ్యం. ఒకప్పుడైనా పొగతాగే అలవాటున్న 65 నుంచి 75 ఏళ్ల మగవాళ్లు ఒక్కసారైనా పొట్ట అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని అమెరికా నిపుణుల కమిటీ సూచిస్తోంది. సూది లేదు, నొప్పి లేదు. నిమిషాల్లో అయిపోయే పరీక్ష. ఇంట్లో ఎవరికైనా అయోర్టా ఉబ్బినా, చీలినా రక్తసంబంధీకులు డాక్టర్‌ను కలవడం మంచిది. ఇక హైవే ఎక్కేవాళ్లకు సీటు బెల్టు తప్పనిసరి.

వెన్నులోని నీటిని పరీక్షించి 'ఈ పేషెంట్ కాళ్లకు ముప్పు ఉంది' అని కొన్ని గంటల ముందే చెప్పే రోజు రావొచ్చు. పరిశోధనలు ఆ దిశగానే సాగుతున్నాయి. అప్పటిదాకా అందరికన్నా ముందు హెచ్చరించేది పేషెంటే. 'కాలు బరువైతున్నది' అన్న మాట ఐసీయూలో వినిపించినా, చిరాగ్‌పల్లిలో ఇంటి మంచం మీద వినిపించినా పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. ఆ నిమిషంలోనే డాక్టర్‌కు చేరాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స, మందుల విషయంలో మీ డాక్టర్ సలహానే పాటించాలి.